పుర్రెకు వెల కట్టిందెవరు?

మన సాహిత్య మిత్రులలో వీడియో ఆటలను గురించి రెండు అభిప్రాయాలు చలామణీలో వున్నాయి. మొదటిది పెద్దలది. ఇవి పెట్టుబడిదారుడు పసివాళ్లకు పోసే నల్లమందు, వీటిని గురించి కలం పట్టడం కూడా కాలహరణమే అని వారి తీర్పు. రెండవది కుర్ర విమర్శకులది. ఈ ఆటలలోనూ మానవత వున్నది, కన్నీరు వున్నది, కనుక వీటికీ సాహిత్యంలో ఒక పీట వేయాలి అని వీరి వాదం. ఈ రెండవ పక్షం వారు తరచుగా బోనెక్కించే సాక్షి ఒకటుంది. పోకెమాన్ అనే జపాను ఆటలో క్యూబోన్ అనే చిన్న జంతువు అది. చచ్చిపోయిన తల్లి పుర్రెను తలకు తొడుక్కుని తిరిగే పిల్ల. ఇటీవల ఒక గోష్ఠిలో ఒక మిత్రుడు దాన్ని గురించి అరగంట మాట్లాడి, కరుణరసానికి ఈ తరంలో ఇంతకన్న గొప్ప ప్రతీక పుట్టలేదని తేల్చాడు. సభ చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చెప్పడానికే ఈ వ్యాసం.

పెద్దలతో నా పేచీ చిన్నదే. ముందు అది తీర్చుకుంటాను. చూడకుండా తిట్టడం విమర్శ అనిపించుకోదు. మా డిగ్రీ తరగతిలో కూర్చునే పిల్లలు ప్రబంధ నాయికల కన్న ముందు ఈ జంతువును ఎరుగుదురు. ఒక కల్పిత ప్రాణి కోసం వాళ్లలో చాలామంది మొదటిసారి కంటతడి పెట్టింది దీని కోసమే. దుఃఖాన్ని ఎట్లా చూడాలో వాళ్లకు మొదటి పాఠం చెప్పింది మనం కాదు, ఆ ఆట. ఆ పాఠంలో ఏమున్నదో కనుక్కోకుండా మనం రెండో పాఠం ఎక్కడ మొదలుపెడతాం? అందుకని ఒక వేసవి సెలవులు నేను ఈ పనికే పెట్టాను. ఒక విద్యార్థి తన యంత్రం ఎరువిచ్చాడు. మా ఇంట్లోవాళ్లు నాకు మతి చలించిందనుకున్నారు గాని, ఆ సంగతి ఇక్కడ అనవసరం.

ఈ ఆట 1996 ఫిబ్రవరి 27న జపానులో రెడ్, గ్రీన్ అనే రెండు ప్రతులుగా వెలువడింది. తయారు చేసింది గేమ్ ఫ్రీక్ అనే సంస్థ, అమ్మింది నింటెండో. ఆటగాడు ఊరూరా తిరుగుతాడు. గడ్డిలో, గుహల్లో కనిపించిన అడవి జంతువును తన జంతువుచేత కొట్టిస్తాడు. అది నీరసపడగానే దాని మీద ఒక బంతి విసిరి, ఆ బంతిలో బంధించి, వెంట వేసుకుని పోతాడు. మొదటి ఆటలో ఇట్లాంటి జంతువులు 151 రకాలు. ఇప్పుడు వెయ్యి దాటాయి. ఆ వరసలో 104వది మన క్యూబోన్. గోధుమరంగు ఒళ్లు, తల మీద పుర్రె, చేతిలో ఒక ఎముక. జపాను భాషలో దీని పేరు కరకర. మనకు కరకర అంటే నమిలే చప్పుడు. వాళ్లకది ఎండిన వస్తువులు ఒకదానికొకటి తగిలే చప్పుడు. ఇది పెరిగి పెద్దదయితే గరగర అవుతుంది. ఇంగ్లీషు ప్రతులలో ఆ పెద్దదాని పేరు మారోవాక్. తల్లి మారోవాక్, పిల్ల క్యూబోన్ అని గుర్తుంచుకుంటే చాలు.

ఇక కథ. లావెండర్ అనే చిన్న ఊళ్లో ఏడంతస్తుల గోపురం ఒకటుంది. అది చచ్చిపోయిన జంతువుల శ్మశానం. ఊళ్లోవాళ్లను ఇద్దరు ముగ్గురిని పలకరిస్తే విషయం బయటపడుతుంది. రాకెట్ ముఠా అనే దొంగల గుంపు చేతుల్లోంచి తప్పించుకుని పారిపోబోతూ ఒక క్యూబోన్ తల్లి చచ్చిపోయింది. దొంగలకు దానితో ఏం పని? అదీ ఊళ్లోవాళ్లే చెబుతారు: డబ్బు కోసం ఆ ముఠా ఏమైనా చేస్తుంది, క్యూబోన్ పెట్టుకునే పుర్రెకు జనం మంచి ధర ఇస్తారు. గోపురం మీద, పై అంతస్తుకు పోయే మెట్ల దగ్గర, ఒక దయ్యం దారి కడుతుంది. మామూలు కంటికి అది ఏదో తెలియదు. సిల్ఫ్ అనే కంపెనీ తయారుచేసిన అద్దంలోంచి చూస్తేనే అది చచ్చిపోయిన ఆ తల్లి అని తెలుస్తుంది. ఆ అద్దం దొంగల డెన్‌లో వుంటుంది. వాళ్లతో పోరాడి తెచ్చుకోవాలి. హతురాలి ముఖం చూడాలన్నా కంపెనీవారి సరుకు కావాలన్నమాట!

ఇంతవరకు నేను ఆటను మెచ్చుకుంటాను. మనస్ఫూర్తిగానే అంటున్నాను. నాలుగు ఛాయల తెర మీద, పది పన్నెండు పొట్టి వాక్యాలలో, పిల్లల కోసం చెప్పిన కథలో హంతకుడెవరో చెప్పారు, హత్యకు కారణం చెప్పారు, ఆ కారణం వెనక వున్న బజారును చెప్పారు. పుర్రె కొనేవాడు లేకపోతే చంపేవాడు లేడు. ఈ ఒక్క సూత్రం అర్థం కాక మన కథకులు ఎందరు ఇప్పటికీ దుర్మార్గుడైన ఒక మునసబును సృష్టించి, వాడు చావగానే కథ ముగించడం లేదు?

అయితే తరువాత ఏం జరిగిందో చూడండి. ఆటగాడు ఆ తల్లి దయ్యంతో పోరాడాలి. బంతి విసిరితే తప్పుకుంటుంది. దాన్ని పట్టుకోవడం సాధ్యం కాదని ఆటే చెబుతుంది. కాబట్టి కొట్టాలి. కొట్టి ఓడిస్తే ఆమె ఆత్మకు శాంతి కలిగిందని, పరలోకానికి వెళ్లిపోయిందని తెర మీద అక్షరాలు వస్తాయి. తల్లి గోడు ఏమిటో ఎవరూ వినలేదు. ఆమె దారికి అడ్డం లేచింది, అది శాంతి అనిపించుకుంది. పై అంతస్తులో ఫ్యూజీ అనే వృద్ధుడు వుంటాడు. తల్లి ఆత్మను ఓదార్చడానికని వచ్చిన ఆయనను దొంగలు అక్కడ పట్టి వుంచారు. ఆయనను విడిపిస్తే ఒక వేణువు బహుమతిగా దొరుకుతుంది. కథ అయిపోయింది. దిగి రావచ్చు.

దిగి వచ్చేటప్పుడే అసలు సంగతి. ఆ గోపురంలోనే, తల్లి దారి కట్టిన ఆ అంతస్తుల్లోనే, పిల్ల క్యూబోన్‌లు అప్పుడప్పుడు ఎదురవుతాయి. ఆటగాడు ఏం చేస్తాడు? ఏ జంతువునైనా చేసినట్లే చేస్తాడు. కొట్టించి, నీరసపడేదాకా చూసి, దుకాణంలో 200కు దొరికే బంతి ఒకటి విసిరి బంధిస్తాడు. దొంగలు పుర్రె కోసం తల్లిని వేటాడారు. వీరుడు పుర్రెతో సహా బిడ్డను పట్టుకుపోయాడు. మొదటిది నేరమని, రెండవది స్నేహమని ఆట అంటుంది. నా మిత్రుడు దీన్నే మానవత అన్నాడు.

తొందరపడి నామీద విరుచుకుపడకండి. వీరుడు దాన్ని అమ్ముకోడు గదా, ప్రేమగా పెంచుతాడు గదా అంటారు. ఒప్పుకుంటాను. కాని ఇంకో ఊరికి పోదాం. సెలడాన్ అనే పట్నంలో ఒక జూదశాల వుంది. రాకెట్ ముఠా డెన్ దాని కిందనే. పక్కనే ఒక కౌంటరులో జూదపు నాణేలకు జంతువులను ఇస్తారు. ఇంగ్లీషు రెడ్ ప్రతిలో పోరిగాన్ అనే జంతువు వెల 9999 నాణేలు. మన వీరుడు కూడా అక్కడ నిలబడి కొనుక్కోవచ్చు. ముఠాను తరిమికొట్టిన తరువాత ఆ కౌంటరు మూతపడుతుందా? పడదు. దొంగలు పోయారు, దుకాణం మిగిలింది. దుర్మార్గమంతా నల్లబట్టలు వేసుకున్న నలుగురి మీదికి నెట్టేసి, వాళ్లను ఊరు దాటిస్తే తక్కిన వ్యాపారమంతా గంగాస్నానం చేసినట్లయింది. ఇది ఆటలో ఒక చిన్న లోపం అని సరిపెట్టుకోవచ్చు. నేను సరిపెట్టుకోను. క్యూబోన్ కథలోనూ ఇదే పద్ధతి, ఇంతకన్న నేర్పుగా నడిచింది.

ఆ నేర్పు పోకెడెక్స్‌లో వుంది. ఇది జంతుకోశం వంటిది. పట్టుకున్న ప్రతి జంతువును గురించి రెండు మూడు వాక్యాల వర్ణన ఇందులో దొరుకుతుంది. ఇంగ్లీషు రెడ్ ప్రతిలో క్యూబోన్ పుర్రెను ఎన్నడూ తీయదని, దాని నిజమైన ముఖం ఎవరూ చూడలేదని వుంది. తరువాత వచ్చిన ఎల్లో ప్రతిలో ఆ పుర్రె చచ్చిపోయిన తల్లిదని, దాని ఏడుపు పుర్రెలో ప్రతిధ్వనించి విషాద గానంగా బయటికి వస్తుందని వుంది. 2002లో వెలువడిన రూబీ, సఫైర్ ప్రతులు ఇంకా ముందుకు పోయాయి. నిండు చంద్రుడిలో తల్లి పోలిక కనిపించి ఏడుస్తుందట. పుర్రె మీది మరకలు కన్నీటి మరకలట. రాసినవాడికి చేయి తిరిగినదని ఒప్పుకోక తప్పదు.

కాని ఈ వాక్యాలు దేన్ని గురించి? లావెండర్ ఊళ్లో తల్లిని పోగొట్టుకున్న ఆ ఒక్క పిల్లను గురించి కాదు. క్యూబోన్ జాతిని గురించి. ప్రతి క్యూబోన్ తల్లీ చచ్చిపోయే వుంటుంది. ప్రతి క్యూబోన్ ఏడుస్తూనే వుంటుంది. ఎవరు చంపారు అన్న ప్రశ్నకు ఇక్కడ చోటు లేదు. పక్షికి రెక్కలున్నట్లు, చేపకు పొలుసున్నట్లు దీనికి దుఃఖం వున్నది. గోపురంలో చరిత్రగా వున్నది కోశంలోకి వచ్చేసరికి ప్రకృతి అయిపోయింది. హత్య కాస్తా జాతిలక్షణం అయింది.

కరుణరసం అన్నాడు గదా నా మిత్రుడు, ఆ దారినే పోదాం. ఆయనా నేనూ ఒకే అలంకారశాస్త్రం చదువుకున్నాం. శోకం స్థాయిభావం. అది రసం కావాలంటే విభావం కావాలి. అంటే శోకానికి ఆలంబనం కావాలి, కారణం కావాలి. కన్నీరు, నిట్టూర్పు మొదలైనవి అనుభావాలు, అవి ఫలితాలు. శత్రువో, శాపమో, అపవాదో ఏదో ఒక కారణం చెప్పకుండా మన ప్రాచీనులు సైతం ఎవరినీ ఏడిపించలేదు. సీత అడవిలో ఏడిస్తే ఆమెను అడవికి పంపిన లోకాపవాదం శ్రోతకు తెలుసు. ఈ కోశం చేసిన పని విభావాన్ని కోసి పారేసి అనుభావాన్ని మాత్రం నిలవ పెట్టడం. కారణం లేని కన్నీరు మిగిలింది. దాన్ని ఎన్నిసార్లైనా ఆస్వాదించవచ్చు, ఎవరికీ ఏ అసౌకర్యమూ వుండదు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను జాషువా పద్యాలకు జనం వన్స్ మోర్ కొట్టిన సంగతి మనకు తెలుసు. కాని అక్కడ కాటికాపరి నోట విన్నదేమిటో, రాజునూ పేదనూ ఒకే మట్టిలో కలిపే శ్మశానంలో ఏ సమత్వం వున్నదో విన్నవాడికి అర్థమయేది. ఇక్కడ వన్స్ మోర్ మాత్రమే వుంది.

ఇది నా ఊహ కాదు. తరగతిలో అడిగి చూశాను. క్యూబోన్ ఎందుకు ఏడుస్తుంది అంటే అందరూ ఒక్కసారే చెప్పారు, తల్లి చచ్చిపోయింది సార్ అని. ఎట్లా చచ్చిపోయింది అంటే ఇద్దరు ముగ్గురు మాత్రమే రాకెట్ ముఠా పేరెత్తారు. తక్కినవాళ్లు తడుముకున్నారు. చివరికి వెనక బల్ల మీది కుర్రాడు నిస్సంకోచంగా అన్నాడు: “దాని జాతే అంత సార్.”

ఈ వాక్యం మీరు ఇంతకు ముందు వినలేదా? నేను విన్నాను. పాకీపని చేసేవాళ్లను గురించి విన్నాను. వలసకూలీలను గురించి, పిల్లలను పనికి పెట్టే తల్లులను గురించి విన్నాను. వాళ్లు పుట్టుకతోనే అంత, వాళ్ల బతుకే అంత. జాలిపడుతూనే ఈ మాట అంటారు. కొందరైతే కంటతడి పెట్టుకుని మరీ అంటారు. కన్నీటికీ ఈ వాక్యానికీ వైరుధ్యమేమీ లేదు. కారణం అడగని కన్నీరు ఈ వాక్యాన్ని హాయిగా మోస్తుంది. వెనక బల్ల కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాడికి ఆట నేర్పిన పాఠాన్ని వాడు తప్పు లేకుండా అప్పగించాడు. నా కోపమంతా ఆ పాఠానికి కరుణరసమని బిరుదిచ్చి సన్మానం చేసిన విమర్శ మీద.

జాతిలక్షణం అన్న మాటకు ఆట తానే ఒక పరిహాసాన్ని కూడా జోడించింది. 1999లో జపానులో వచ్చిన గోల్డ్, సిల్వర్ ప్రతులలో జంతువులను సంరక్షకుల దగ్గర జతగా వుంచితే గుడ్డు దొరికే పద్ధతి ప్రవేశపెట్టారు. తల్లి మారోవాక్‌ను అక్కడ వదలండి. గుడ్డు తీసుకుని ఊరంతా తిరగండి. గుడ్డు పగులుతుంది. లోపలినుంచి క్యూబోన్ బయటికి వస్తుంది, తలమీద పుర్రెతో! తల్లి అవతల సంరక్షకుల దొడ్డిలో నిక్షేపంగా వుంది. ఆమె తలకాయ ఆమె భుజాల మీదనే వుంది. మరి ఈ పుర్రె ఎవరిది? విద్యార్థులు దీని మీద పగలబడి నవ్వుకుంటారు. ఆటలో ఇట్లాంటి పొరపాట్లు సహజమని నా మిత్రుడు కొట్టిపారేస్తాడు. పొరపాటే కావచ్చు. కాని దుఃఖాన్ని సరుకుగా తయారు చేసే కర్మాగారంలో ఇది జరగక తప్పని పొరపాటు. ఒక్క పిల్లకు ఒక్క తల్లి చావు అన్న లెక్కతో ఇంతమంది ఆటగాళ్లకు సరఫరా ఎట్లా సాధ్యం? అందుకని పుర్రె గుడ్డులోనే బిగించి వస్తుంది.

ఈ గుడ్డు చిక్కును విప్పడానికి ఆటగాళ్లు ఒక సిద్ధాంతం కూడా అల్లుకున్నారు. పొట్టమీది సంచిలో బిడ్డను మోసే కంగాస్కాన్ అనే జంతువు ఒకటుంది. ఆ బిడ్డే తల్లి చావగానే పుర్రె తొడుక్కుని క్యూబోన్ అయిందట. తయారీదార్లు దీన్ని ఎన్నడూ ధ్రువపరచలేదు. శాస్త్రంగా చూస్తే ఇది నిలవదు. అయినా నా మిత్రుని అరగంట ప్రసంగం కన్న ఈ పిల్లల కట్టుకథ నాకు ఎక్కువ గౌరవనీయంగా కనిపిస్తుంది. వీళ్లు కనీసం ఆ తల్లి ఎవరు అని అడిగారు.

ఈ ఆట పుట్టుకలోనే ఇట్లాంటి మరుపు ఒకటుంది. దీన్ని ఊహించిన సతోషి తాజిరి తోక్యో పొలిమేరలోని మాచిదాలో పెరిగాడు. చిన్నతనంలో చెరువుల వెంట, పొలాల వెంట పురుగులు పట్టేవాడు. నగరం పెరిగి ఆ పొలాలూ చెరువులూ కట్టడాల కింద పోయాయి. పురుగులు పట్టే ఆనందం తరువాతి పిల్లలకు లేకుండా పోయిందని ఆయనకు అనిపించింది. ఆ ఆనందాన్ని యంత్రంలో తిరిగి ఇవ్వాలనుకున్నాడు. ఆయన బాధ నిజమైనదని నేను నమ్ముతాను. కాని ఆయన ఆటలో గడ్డి ఎక్కడికక్కడ పచ్చగానే వుంటుంది. పొలాన్ని మింగినవాడు మాత్రం ఎక్కడా కనిపించడు. పోగొట్టుకున్నదాన్ని కొనుక్కోవచ్చు, పోగొట్టినవాడిని అడగనక్కరలేదు. క్యూబోన్ పుర్రె ఈ పెద్ద మరుపుకు ఒక చిన్న మచ్చు.

లావెండర్ గోపురానికి ఏమయిందో చెప్పాలి గదా. మొదటి కథ జరిగిన మూడేళ్లకు జరిగినట్లుగా చెప్పే గోల్డ్, సిల్వర్ ప్రతులలో మనం ఆ ఊరికి మళ్లీ పోతాం. గోపురం వుంది, కాని శ్మశానం లేదు. అది రేడియో స్టేషన్ అయింది. సమాధులను పక్కనే ఒక చిన్న ఇంట్లోకి మార్చారు. ఫ్యూజీ వృద్ధుడు అక్కడ వుంటాడు. తల్లి దారి కట్టిన మెట్లు ఇక లేవు. హత్య జరిగిందని సాక్ష్యమిచ్చే ఒక్క కట్టడాన్ని అభివృద్ధి పేరిట తీసేశారు. ఇది ఆట చేసిన విమర్శ అని ఒకరిద్దరు విద్యార్థులు వాదించారు. ఆటలో దీని మీద నిరసన చెప్పే గొంతు గట్టిగా వుంటే నేనూ అట్లాగే అందును. పాటలు వినడానికి వీలుగా వుందన్న సంతోషమే నాకు ఎక్కువ వినిపించింది.

ఇంత చెప్పి, ఈ జంతువులో మనకు పనికివచ్చేది ఏమీ లేదంటే అది కూడా అన్యాయమే అవుతుంది. క్యూబోన్ 28వ స్థాయికి చేరగానే మారోవాక్ అవుతుంది. తల్లి పోయిన దుఃఖాన్ని జయించి గట్టిపడినది మారోవాక్ అని రూబీ, సఫైర్ కోశాలు చెబుతాయి. ఈ మాట నాకు రుచించదు. తన దుఃఖాన్ని తానే ఒంటరిగా దిగమింగి రాటుదేలడం, అందుకు వరసగా 28 మెట్లు, ప్రతి మెట్టుకూ ఇంకో జంతువును కొట్టడం. ఇది యజమాని మెచ్చే గుణం. కాని 1999 నాటి సిల్వర్ కోశంలో మారోవాక్‌ను గురించి వేరే వాక్యం ఒకటుంది. అది ఎముకతో బండరాళ్లను కొట్టి తోటివాటికి కబురు పంపుతూ కనిపించిందట. వీటికి ఒక సమాజం వున్నదని, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని చెప్పిన వాక్యం ఇది. తల్లిని తలుచుకుని ఏడ్చే ఎముక ఇక్కడ తంతి యంత్రం అయింది. 2016లో వచ్చిన సన్, మూన్ ప్రతులలో అలోలా దీవుల మారోవాక్ ఎముకకు రెండు కొసలా నిప్పంటించుకుని వుంటుంది; ఆ మరుసటి ఏటి ప్రతులు, పోయిన సహచరుల కోసం అది రాత్రంతా నాట్యం చేస్తుందని, దారి పక్కన మట్టిదిబ్బలు వాటి సమాధులని చెబుతాయి. పుర్రెలోపల ఒక్కర్తీ ఏడ్చిన దుఃఖం ఇరవై ఏళ్లకు దారి పక్కకు, నలుగురి మధ్యకు వచ్చింది. ఇది రాసినవాళ్లకు ఉద్దేశం వున్నదో లేదో నేను తేల్చబోను. వాక్యం అక్కడ వున్నది, మనం చదవాలి.

ఆ బండరాళ్ల మీది కబురులో ఏముందో సిల్వర్ కోశం చెప్పదు. మా మూడో సంవత్సరం తరగతికి దాన్నే వ్యాసాంశంగా ఇచ్చాను. చాలామంది చంద్రుణ్ణి గురించి, అమ్మ లాలిపాటను గురించి రాశారు. ఒకమ్మాయి మాత్రం ఒక్క వాక్యం రాసి కాగితం ఇచ్చేసింది: “అమ్మను తరిమినవాళ్లు ఏ దారిన పోయారు, పుర్రెను ఎవరికి అమ్మబోయారు, మీవైపు ఎవరైనా చూశారా?” పదికి తొమ్మిది వేశాను. ఒక మార్కు తగ్గించింది అక్షరదోషానికి.